దాదీ బావి శాంపిల్

ఎవాంజలిన్ ఐస్ బాక్స్ మూత తీసి, వెంటనే మూసేసింది.

"ఇదేటి?"

"శాంపిల్స్ మేడం. అన్నీ ఐస్‌లో పెట్టే తెచ్చాను. నిన్న మీరు సెప్పినట్టే."

"ఈ ఐస్ ఎక్కడిది?"

ఫిషింగ్ హార్బర్‌దని యోహాన్ కొంచెం గర్వంగానే చెప్పాడు. అంతకు ముందు రోజు ఇదే టేబుల్ దగ్గర ఆమె అతని బాటిళ్ళన్నీ వెనక్కి ఇచ్చేసింది. బావి నీళ్ళు ఎండలో ఊరంతా తిరిగొస్తే అందులో ఉన్నది ఉన్నట్టు ఉండదనీ, చల్లగా తెస్తే తప్ప ముట్టుకోననీ మొహం మీదే చెప్పింది. వన్ టౌన్‌లో పొద్దున్నే అడిగిన వెంటనే ఐస్ ఎవరిస్తారా అని ఆలోచించి, యోహాన్ తెలిసిన పడవ వాళ్ళ దగ్గరికెళ్ళి తట్టెడు తెచ్చుకున్నాడు. అది అప్పటికే చేపల మీద ఓ రాత్రి గడిపిన ఐస్ అని అతనికి తట్టలేదు.

ఆమె పటకారు తీసుకుని బాక్స్‌లోంచి ఒక రొయ్యని బయటికి తీసింది. గాజు పళ్ళెంలో పెట్టి అతని ముందుకి తోసింది.

"దీన్లో కూడా నైట్రేట్ చూడమంటారా?"

వెనక టేబుల్ దగ్గర ల్యాబ్ ఇన్‌ఛార్జి రత్నమణి గారు నవ్వు ఆపుకోడానికి దగ్గారు. యోహాన్ చెవులు ఎర్రబడ్డాయి. అతను ఎవాంజలిన్ని ప్రేమించడం ఆ నిమిషంలోనే మొదలైందని నా అభిప్రాయం. అతన్ని అడిగితే కాదంటాడు.

నైట్రేట్ సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. ఎరువుల నుంచీ, మురుగు కాలవల నుంచీ, సెప్టిక్ ట్యాంకుల నుంచీ నేలలోకి దిగి బావుల్లో చేరుతుంది. రంగుండదు, వాసనుండదు. లీటరుకి నలభై ఐదు మిల్లీగ్రాములు దాటకూడదని రూలు. దాటితే పెద్దవాళ్ళకి అప్పటికప్పుడు ఏమీ తెలీదు గానీ, పాలపొడి కలుపుకుని తాగే పసిపిల్లలకి ప్రమాదం. రక్తం ఊపిరి మొయ్యలేక పెదాలు నీలంగా మారతాయి. ప్రేమకథలో ఇదంతా ఎందుకంటే, వీళ్ళిద్దరి ప్రేమా ఈ బాటిళ్ళ మధ్యే పెరిగింది. నన్నేం చెయ్యమంటారు?

ల్యాబ్ ఒక పాత మేడ పై అంతస్తులో ఉంది. కిటికీలోంచి పోర్టు క్రేన్లు కనిపిస్తాయి. కిటికీ అంచున రోజూ బొగ్గుపొడి పేరుకుంటుంది, ఎవాంజలిన్ రోజూ తడిగుడ్డతో తుడుస్తుంది. ఆమెది గాజువాక. వాళ్ళ నాన్న స్టీల్ ప్లాంటులో క్రేన్ నడుపుతాడు. యోహాన్‌ది మల్కాపురం. అతని పని బండి మీద తిరిగి బావుల్లో నీళ్ళు పట్టడం, చేతిలో పట్టేంత మీటర్‌తో అక్కడికక్కడే ఒకసారి కొలవడం, బాటిళ్ళు తెచ్చి ఆమెకివ్వడం. ఆమె పెద్ద మిషన్లో పెట్టి మళ్ళీ కొలుస్తుంది. రెండు అంకెలూ ఒక్క రోజూ కలవలేదు.

సముద్రం పక్క బావుల్లో ఉప్పెక్కువ. ఆ ఉప్పుని కూడా మీటర్ నైట్రేట్ అనుకుని లెక్కలో కలిపేసుకుంటుంది. అందుకని అతని అంకె ఎప్పుడూ పెద్దది. మీ మీటర్ బొమ్మ అని ఆమె అనేది. మీ మిషన్ ముసల్ది, సాయంత్రానికి గానీ నోరు విప్పదు అని అతను అనేవాడు. ఆమె కేథలిక్, అతను బాప్టిస్టు. ఒక వారం దాని మీద కూడా పోట్లాడుకున్నారు. ఆ వారం రత్నమణి గారు తలనొప్పి మాత్ర వేసుకున్నారు.

క్యాలెండర్లో వర్షాకాలం అయిపోయాక విశాఖలో అసలు వాన మొదలవుతుంది. ఆ ఏడు కూడా అల్పపీడనం ఒకటి వచ్చి, తీరం దాటకుండా వేలాడుతూ ఉండిపోయింది. అలాంటి ఒక శనివారం ఎవాంజలిన్ యోహాన్ వెంట బయల్దేరింది. శాంపిల్ ఎలా పడుతున్నాడో ల్యాబ్ మనిషి అప్పుడప్పుడూ దగ్గరుండి చూడాలి.

వన్ టౌన్‌లో రెండు గోడల మధ్య ఒక ఆటో మాత్రమే పట్టే సందు. దాని చివర చాంద్ సుల్తానా ఇల్లు, ఇంటి ముందు బావి. ఆమె భర్త నజీర్ అహ్మద్ పడవలకి తాళ్ళూ టార్పాలిన్లూ అమ్మిన మనిషి, పోయి చాలా ఏళ్ళయింది. సందంతా ఆమెని దాదీ అంటారు. ఎండాకాలమంతా గుమ్మం బయట కుండలు పెట్టించి, మార్కెట్‌కి సరుకు మోసే కళాసీల నుంచి ఆటోవాళ్ళ దాకా అందరికీ ఆ బావి నీళ్ళే పోస్తుంది. నా నీళ్ళు అనే అంటుంది. ఇంకేదీ ఆమె అంత సొంతంగా అనగా ఎవరూ వినలేదు.

ఆ బావిని ఇంతవరకు ఎవరూ పరీక్షించలేదు. ఎవాంజలిన్ బావి గట్టు మీద చిన్న బాటిళ్ళు వరసగా పెట్టి, ముందు నైట్రేట్ ఎంతుందో తెలిసిన నీళ్ళలో మీటర్ ముంచి సరిచూడాలని చెప్తోంది. చినుకులు మొదలయ్యాయి. యోహాన్ గొడుగు తీసి మీటర్ మీద పట్టాడు. ఆమె తడుస్తూ ఉండిపోయింది.

"గొడుగు మీటర్‌కా?"

"మీటర్ తడిస్తే రత్నమణి మేడం నన్ను సంపేత్తారు. మీరు తడిస్తే ఎవులడుగుతారు?"

"నువ్వడగవేటి?"

ఆమె మొదటిసారి నువ్వు అంది. యోహాన్ గొడుగు ఆమె వైపు జరిగింది. మీటర్ తడిసి తెరంతా ఆవిరి పట్టింది. ఆ రోజు కొలత అక్కడితో ఆగిపోయింది, బాటిల్ పట్టడం మంగళవారానికి వాయిదా పడింది.

దాదీ ఇద్దర్నీ లోపలికి పిలిచి టీ ఇచ్చింది. మనవడు హసన్ పోర్టులో డ్యూటీకి వెళ్ళాడు. అతని భార్య బుష్రా నెలల పాపని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. పాలు చాలక పాలపొడి కలుపుతున్నామనీ, దానికి నీళ్ళు తానే స్వయంగా బావిలోంచి తోడి, మరగబెట్టి, చల్లార్చి ఇస్తాననీ దాదీ చెప్పింది. తర్వాత, ఎవరూ అడక్కుండానే, కిందటేడు ఎండాకాలం ఈ ఇంట్లో మొదటి బిడ్డ, మగపిల్లవాడు, పుట్టిన కొద్ది వారాలకే పోయాడని చెప్పింది. ఎందుకు పోయాడో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. బుష్రా తల దించుకుని పాప దుప్పటి సర్దుతూ ఉండిపోయింది.

బయటికొచ్చాక ఎవాంజలిన్ తడిసిన బాటిళ్ళని ఒక్కొక్కటీ తుడిచి సంచీలో పెట్టింది. ఆమెని నవ్వించాలని యోహాన్ మళ్ళీ పాత గొడవే ఎత్తాడు. మీ ల్యాబ్ ఒక్కసారైనా తప్పు చెప్పి ఉండదా అన్నాడు. లేదు అంది. అయితే ఓ రోజు పరీక్ష పెడతాను చూడండి అన్నాడు. పెట్టుకో అంది, కొంచెం నవ్వింది. ఆ కొంచెం నవ్వుతోనే అతను చెడిపోయాడు.

వీళ్ళ వృత్తిలో ఒక పద్ధతి ఉంది. ల్యాబ్ సరిగ్గా పనిచేస్తోందా అని చూడ్డానికి ఇన్‌ఛార్జి అప్పుడప్పుడూ మామూలు బాటిళ్ళ మధ్య ఒక దొంగ బాటిల్ పెడతారు. అందులో ఎంత నైట్రేట్ కలిపారో ఆ ఇన్‌ఛార్జికి తప్ప ఎవరికీ తెలీదు. ఆ అంకెని ల్యాబ్ పట్టుకుంటే పాసైనట్టు. దాన్ని బ్లైండ్ శాంపిల్ అంటారు. రత్నమణి గారు అలాంటి బాటిల్ మీద ఎప్పుడూ లేని ఊరి పేరు, లేని బావి పేరు రాస్తారు. ఎందుకలా రాస్తారో యోహాన్ ఎప్పుడూ అడగలేదు. ఆ పద్ధతిలో సగమే అతనికి తెలుసు.

మంగళవారం అతను నైట్రేట్ లెక్కగా కలిపి ఉంచిన స్టాండర్డ్ ద్రావణం కొలిచి మంచినీళ్ళలో కలిపి, నూట ఇరవై మిల్లీగ్రాములకి సరిపెట్టాడు. బాటిల్లో పోసి లేబుల్ మీద చాంద్ సుల్తానా బావి అని రాశాడు. మీటర్ రీడింగ్ రాయాల్సిన చోట, వానకి మీటర్ పనిచెయ్యలేదని రాశాడు. దాదీ బావి అంటే ఆమెకి గుర్తుంటుంది, ఇంత పెద్ద అంకె చూసి ఉలిక్కిపడుతుంది, ఇదేం నీళ్ళు పట్టావు అని వెంటనే ఫోన్ చేస్తుంది. అప్పుడు చెప్పి నవ్వాలి, నవ్వుతుండగానే ఇంకో మాట కూడా చెప్పాలి. ఇదీ అతని ప్లాను. ఇంత తెలివితక్కువ ప్లాను ప్రేమలో ఉన్నవాళ్ళకే వస్తుంది, వాళ్ళకది మహా గొప్పగా కనిపిస్తుంది.

బాటిళ్ళు ల్యాబ్‌లో ఇచ్చేసి అతను ఎలమంచిలి వైపు పొలాల బావుల పనికి వెళ్ళిపోయాడు. రెండు రోజులూ ఫోను జేబులో కాకుండా చేతిలోనే పట్టుకుని తిరిగాడు. ఆమె ఫోన్ చెయ్యలేదు. అలిగిందేమో అనుకుని లోలోపల సంతోషించాడు కూడా.

గురువారం సాయంత్రం వానలో వన్ టౌన్ తిరిగొచ్చి, ల్యాబ్‌కి వెళ్ళే ముందు దాదీ సందులోకి తిరిగాడు. అసలు నీళ్ళు పట్టుకెళ్ళి ఇచ్చేస్తే సరిపోతుందనుకున్నాడు.

బావి మీద రేకు కప్పి, తీగతో కట్టేసి ఉంది. గట్టు చుట్టూ ఎర్ర రంగు. తాగరాదు అని పెద్దక్షరాలు, వానకి కింది గీతలు కారి మట్టిలో కలుస్తున్నాయి. అతను దిగి గట్టు దాకా వెళ్ళాడు. బండి స్టాండ్ వెయ్యడం మర్చిపోతే అది పక్కకి ఒరిగి గోడకి ఆనుకుంది.

దాదీ గుమ్మంలోనే కూర్చుంది. వెనక ఇంట్లో దీపం లేదు. అతన్ని గుర్తుపట్టి, కూర్చోమని కూడా అనకుండా, జరిగింది చెప్పింది. బుధవారం ఆ పిల్ల, ఆ ల్యాబ్ పిల్ల, వానలో పరిగెత్తుకుంటూ వచ్చింది. పాపకి ఈ నీళ్ళు ఒక్క చుక్క కూడా పొయ్యొద్దంది. మరగబెట్టే ఇస్తున్నానంటే, ఇది మరిగితే పోయేది కాదు, నీళ్ళు ఇగిరితే ఇంకా చిక్కబడుతుంది అంది. పసిపిల్లలు నీలంగా మారిపోతారంది. తర్వాత వార్డు వాళ్ళొచ్చి బావి మూశారు. పొద్దున్న బుష్రా పాపని తీసుకుని తగరపువలసలో పుట్టింటికి వెళ్ళిపోయింది. హసన్ దిగబెట్టడానికి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు.

"ఎల్లేటప్పుడు నా మొకం సూల్లేదు బేటా. ఆ పిల్లోడికి పెదాలు నల్లబడితే ఎండకేమో అనుకున్నాను. నానే తోడాను, నానే మరగబెట్టాను, నానే సెంచాతో పట్టాను. నా నీల్లే సంపీసాయి."

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే యోహాన్ అక్కడే చెప్పేసేవాడేమో. పొడిగా ఉన్న ఆ కళ్ళని చూసి అతను చెప్పలేకపోయాడు. ఏదో గొణిగి, వెనక్కి తిరిగి, బండి తోసుకుంటూ సందులోంచి బయటపడ్డాడు. పిరికితనమే. దానికి నేను వేరే పేరు పెట్టను.

ల్యాబ్‌లో ఎవాంజలిన్ ఒక్కతే ఉంది. తడిసి ముద్దై వచ్చిన అతన్ని చూసి ముందు కంగారుపడింది. తువ్వాలు తెచ్చివ్వబోయింది. అతను తీసుకోలేదు.

"దాదీ బావి బాటిల్... అది బావి నీళ్ళు కాదు. నానే కలిపాను. మీకు పరీక్ష పెట్టాలని."

ఆమెకి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. చేతిలో పిపెట్‌ని జాగ్రత్తగా స్టాండులో పెట్టింది.

"ఎంత కలిపావు?"

"నూటిరవై."

"నాకు నూట పద్దెనిమిది వచ్చింది."

"అవును."

"అయితే పాసయ్యాను."

ఆ మాట అన్నాక ఆమె కుర్చీలో కూర్చుంది. కిటికీ బయట క్రేన్ దీపాలు వానలో చెదిరిపోతున్నాయి. యోహాన్ నిలబడే ఉన్నాడు. ఫోన్ చేస్తారనుకున్నాను, చెయ్యలేదేం అని చివరికి అడిగేశాడు. అడక్కూడని మాటని అడిగాకే తెలిసింది.

"వేరేవాళ్ళ బాటిలైతే చేసేదాన్ని. సరిగ్గా పట్టారా, కడిగిన బాటిలేనా అని అడిగేదాన్ని. నీ బాటిల్ అది. నీ మీటర్‌ని ఎన్నైనా అంటాను. నీ సెయ్యిని ఎప్పుడూ అనుమానించలేదు."

తర్వాత ఆమె ఏడ్చింది. తాను వానలో ఆ సందుకి ఎలా పరిగెత్తిందో, ఆ ముసలామె మొహం మీద ఎంత స్పష్టంగా, ఎంత వివరంగా చెప్పిందో తలుచుకుని ఏడ్చింది. అతను దగ్గరికి రాబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

శుక్రవారం పొద్దున్న రత్నమణి గారు అంతా విన్నారు. గొంతు పెంచలేదు. మీటరూ, సంచీ, ల్యాబ్ బండి తాళాలూ టేబుల్ మీద పెట్టి వెళ్ళమన్నారు. వార్డు ఆఫీసుకి రిపోర్టు రద్దు చేస్తున్నట్టు తానే రాసి పంపారు. లేని బావి పేరు ఎందుకు రాస్తానో ఇప్పుడు తెలిసిందా అని మాత్రం అడిగారు. తెలిసిందన్నాడు. ఆ ఉద్యోగం అక్కడితో అయిపోయింది. దాని గురించి అతను ఎవర్నీ బతిమాలలేదు.

ఎవాంజలిన్ ఒక్కతే వెళ్ళి, రేకు విప్పించి, బావిలో నీళ్ళు పట్టుకొచ్చింది. మిషన్లో ఒకసారి, నమ్మకం చాలక ఇంకోసారి, మళ్ళీ ఇంకోసారి పెట్టింది. ఇరవై ఆరు. మంచి నీళ్ళే. మధ్యాహ్నం ఆమె మెట్లు దిగేసరికి యోహాన్ తన సొంత బండి దగ్గర నిలబడి ఉన్నాడు.

"నాను కూడా వత్తాను. సెప్పాల్సింది నానే."

ఆమె అవునని గానీ కాదని గానీ అనలేదు. నడుచుకుంటూ వెళ్ళింది. అతను బండి తోసుకుంటూ నాలుగడుగుల వెనక నడిచాడు.

దాదీ ముందు యోహాన్ నేల మీద కూర్చుని చెప్పాడు. బాటిల్ ఎలా కలిపాడో, పేరు ఎందుకు రాశాడో, నిన్న సాయంత్రం చెప్పకుండా ఎలా పారిపోయాడో అన్నీ వరసగా చెప్పాడు. ఎక్కడా తన్ను తాను వెనకేసుకు రాలేదు. అసలు నీళ్ళలో ఇరవై ఆరే ఉందని ఎవాంజలిన్ చెప్పింది.

దాదీ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"ఆటకి నా బావి పేరే దొరికిందేటి?"

ఆమె ఇంకో మాట అంది. మొన్న వచ్చి విషం అన్నారు, ఇవాళ వచ్చి మంచివంటున్నారు, ముసల్దాన్ని ఓదార్చడానికి ఇది కలిపిన మాట కాదని ఎలా నమ్మాలి అంది. నిజమే, ఎలా నమ్మాలి?

యోహాన్ లేచి బావి దగ్గరికెళ్ళాడు. చేద వేసి, నీళ్ళు తోడి, దోసిట్లో పోసుకుని గడగడా తాగేశాడు. వాన అతని మెడ మీద పడుతోంది. మళ్ళీ వంగబోతుంటే ఎవాంజలిన్ ఆపింది.

"నువ్వు తాగితే ఏటీ తేలదు యోహాన్. నూటిరవై ఉన్నా నీకేమీ అవ్వదు. దాదీకి ఉత్తుత్తి ధైర్యం చెప్పకు."

అతను తడి చేతులతో అలాగే నిలబడిపోయాడు. అతన్ని సిగ్గుపరచాలని కాదు ఆమె అన్నది, ఉన్నమాట కాబట్టి అంది. దాదీ ఆమె వైపు మొదటిసారి నిదానంగా చూసింది. తమకి అనుకూలంగా ఉన్న సాక్ష్యాన్ని కూడా ఈ పిల్ల పక్కకి తోసేస్తోందని ఆమెకి తెలిసింది. నమ్మడం అక్కడ మొదలైంది.

అప్పుడు దాదీ అసలు ప్రశ్న అడిగింది.

"ఇప్పుడు ఇరవై ఆరు. సరే. పోయినేడు ఎండాకాలం ఎంతుండేది?"

ఎండాకాలం బావిలో నీళ్ళు అడుక్కి పోతాయి, అప్పుడు అంకె వేరేగా ఉండొచ్చని ఎవాంజలిన్‌కి తెలుసు, యోహాన్‌కీ తెలుసు. అప్పుడూ ఇంతే దాదీ అని ఒక్క మాట అంటే చాలు. ఆ ముసలి ప్రాణానికి హాయి. తప్పు పట్టేవాళ్ళు కూడా ఎవరూ ఉండరు. ఎవాంజలిన్ అతన్నే చూస్తోంది. అతను ఏం చెప్తాడో ఆమెకి నిజంగా తెలీదు, ఆ తెలియకపోవడమే ఆమెని నిన్నటి నుంచీ బాధపెడుతోంది.

"తెలీదు దాదీ," అన్నాడు యోహాన్. "అప్పుడు ఎవులూ కొలవలేదు. తక్కువుండొచ్చు, ఎక్కువుండొచ్చు. మీ పిల్లోడు నీళ్ళ వల్లే పోయాడని నాను సెప్పలేను, కాదని కూడా సెప్పలేను. ఇప్పుడు ఎవులు ఏటి సెప్పినా అది అబద్ధమే."

దాదీ తల దించుకుంది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నిన్న రాని కన్నీళ్ళు ఇప్పుడు వచ్చాయి. ఎవాంజలిన్ వెళ్ళి పక్కన కూర్చుంది.

"ఆస్పత్రోళ్ళు ఓటి సెప్పారు, సుట్టాలు ఓటి సెప్పారు. తల్లి పాలు మంచివి కావన్నోళ్ళు కూడా ఉన్నారు. తెలీదు అన్న మాట ఇన్నాళ్ళకి వింటన్నాను," అంది దాదీ ముక్కు తుడుచుకుంటూ. "నిన్ను నాను మాఫ్ సెయ్యలేదు బేటా. కానీ ఈ మాట బుష్రాకి సెప్పు. ఫోన్లో కాదు. ఎల్లి సెప్పు."

తగరపువలస వెళ్ళే దారిలో వాన హోరెత్తింది. ఎవాంజలిన్ వెనక సీటు మీద కూర్చుంది, అతని భుజం పట్టుకోకుండా బండి వెనక కమ్మీ పట్టుకుంది. ఎందుకొస్తున్నావని అతను అడగలేదు, అడిగితే దిగిపోతుందేమోనని భయం. ఆనందపురం దగ్గర ఇంక బండి నడపలేక ఓ టీ కొట్టు రేకుల కింద ఆగారు. గ్లాసుల్లోంచి ఆవిరి లేస్తోంది. ఆమె జుట్టు చెంపలకి అతుక్కుపోయింది. ఇంకెప్పుడైనా అయితే దాని మీద అతను ఒక జోకు వేసేవాడు.

"నువ్వంటే నాకు ఇష్టం. రొయ్య తీసి పళ్ళెంలో పెట్టిన రోజు నుంచీ. ఇప్పుడు సెప్పే మొకం లేదు, తెల్సు. ఆ బాటిల్ కూడా అందుకే..."

"ఆ బాటిల్‌కి ప్రేమ అని పేరు పెట్టకు," అంది ఆమె. "ఇష్టం ఇష్టమే. ఆ పని ఆ పనే. రెండూ కలిపి నాకివ్వకు."

అతను తల ఊపాడు. ఆమె చేతిలో గ్లాసు అటూ ఇటూ తిప్పింది. నీకు కూడా ఇష్టమేనా అన్న ప్రశ్న అతని గొంతు దాకా వచ్చి, దిగిపోయింది. టీ చల్లారిపోయింది. ఇద్దరూ తాగేశారు.

బుష్రా వాళ్ళ పుట్టిల్లు హైవే నుంచి కొంచెం లోపలికి. తలుపు ఆమే తీసింది. భుజం మీద పాప నిద్రపోతోంది. వెనక హసన్ లేచి నిలబడ్డాడు. యోహాన్ గుమ్మం బయట, చూరు నీళ్ళ కిందే నిలబడి, దాదీకి చెప్పినదంతా, ఇరవై ఆరు సంగతితో సహా, మళ్ళీ చెప్పాడు. రెండోసారి చెప్పడం సులువవుతుందనుకున్నాడు. కాలేదు. పోయిన బిడ్డ తల్లి మొహం చూస్తూ తెలీదు అనే మాట అనడానికి అతను రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఇంట్లో అందరికీ వినపడేలా, దాదీ ఒక్కతే ఉందని, నిన్న దీపమైనా పెట్టలేదని కూడా చెప్పాడు. హసన్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. బుష్రా చూపు యోహాన్ని దాటి వెనకున్న ఎవాంజలిన్ మీదికి వెళ్ళింది. బుధవారం వచ్చి పాపకి నీళ్ళు పొయ్యొద్దన్నది ఆ పిల్లే.

"నీకైనా తెల్సా, ఇతగాడి మాట నానెందుకు నమ్మాలి?"

ఎవాంజలిన్ ముందుకొచ్చి యోహాన్ పక్కన నిలబడింది. చూరు నీళ్ళు ఇప్పుడు ఇద్దరి మీదా పడుతున్నాయి.

"నమ్మక్కర్లేదక్కా. ఇరవై ఆరు నాను కొలిచిన అంకె, దాన్ని నమ్ము. ఇతన్ని నానూ ఇంకా పూర్తిగా నమ్మలేదు. టైం పడుద్ది. అయినా ఇతనితోనే వచ్చాను. రేపు మళ్ళీ ఎక్కడికైనా ఇలాంటి మాట చెప్పడానికి ఎల్లాల్సొస్తే, అప్పుడూ ఇతనితోనే ఎల్తాను."

యోహాన్ ఆమె వైపు తిరగలేదు. తిరిగితే ఏడ్చేస్తాడని తెలుసు.

బుష్రా పాపని రెండో భుజం మీదికి మార్చుకుని, తలుపు దగ్గర్నుంచి పక్కకి జరిగి, లోపలికి రమ్మంది.